వీధి మనది, తీగ వారిది

'ఫ్రాంచైజ్' అనే మాటకు ఆంగ్ల నిఘంటువులలో ముఖ్యంగా రెండర్థాలు కనిపిస్తాయి. మొదటిది పౌరునికి గల ఓటుహక్కు. రెండవది, వ్యాపారం చేసుకొనేందుకు పాలకులు ఒక సంస్థకు ఇచ్చే ప్రత్యేకానుమతి. రెంటికీ మూలమైన ప్రాచీన ఫ్రెంచి పదానికి 'స్వేచ్ఛ' అని అర్థం. మన 'హరి' శబ్దానికి విష్ణువు, సింహం, కోతి, కప్ప అని నానార్థాలున్నా వాటిలో వాటికి తగవు లేదు. సందర్భాన్ని బట్టి అర్థం తేల్చుకొంటాము. అమెరికా నగరాలలో కేబుల్ టీవీ ఒప్పందం వ్రాసుకొనే గదిలో మాత్రం ఈ 'ఫ్రాంచైజ్' అర్థాలు రెండూ ఎదురెదురుగా కూర్చుంటాయి. ఒకవైపు కంపెనీ ఫ్రాంచైజ్, మరొకవైపు పౌరుని ఫ్రాంచైజ్. చాలా ఏళ్లుగా కంపెనీదే పైచేయి అవుతున్నది. పౌరుడు ఆ గదిలోకి రావడం లేదన్నదే అందుకు మొదటి కారణం.

అమెరికాలో నివసిస్తూ తెలుగులో బ్లాగులు వ్రాస్తున్న మిత్రులను ఉద్దేశించి ముఖ్యంగా ఈ టపా వ్రాస్తున్నాను. "ఎక్కడి కేబుల్ తీగ, ఎక్కడి విశ్రాంత తెలుగు పండితుడు?" అని నవ్వేవారు నవ్వవచ్చు. మాట ఎక్కడ పలకాలి, ఎవరి అనుమతితో పలకాలి అన్న ప్రశ్న పుట్టినచోటనల్లా భాషోపాధ్యాయునికి పని ఉన్నదని నా నమ్మకం.

ముందుగా డబ్బు సంగతి. మన పల్లెలలో వారపు సంతకు పంచాయతీవారు వేలంపాట పెడతారు. పాట పాడుకొన్నవాడు పంచాయతీకి సొమ్ము కట్టి, బండికింత, గంపకింత అని ఆశీలు వసూలు చేసుకొంటాడు. అతడు కట్టిన సొమ్మును దానమని ఎవరూ అనరు. స్థలం ఊరిది, వాడుక అతనిది, అందుకు డబ్బు కట్టాడు. కేబుల్ ఫ్రాంచైజ్ కూడా స్థూలంగా ఇటువంటిదే. కంపెనీ తీగలు నగరపు వీధుల క్రిందా, వీధుల వెంటా పోతాయి. ఆ వీధులు పౌరులవి. పౌరుల తరఫున నగరసభ ఒప్పందం వ్రాసుకొని, కేబుల్ సేవల మీద కంపెనీకి వచ్చే స్థూలాదాయంలో 5 శాతానికి మించకుండా రుసుము తీసుకోవచ్చునని 1984 నాటి కేబుల్ చట్టం చెప్పింది. నా లెక్కలో ఇది కౌలు. పొలం దున్నుకొన్నవాడు కౌలుగింజలు కొలిచి, "ఆసామికి భిక్షం వేశాను" అంటే ఊరుకొంటామా?

కంపెనీలు సరిగ్గా ఆ మాటే అంటున్నాయి. చందాదారునికి పంపే బిల్లులో ఈ రుసుమును విడిగా ఒక వరుసలో చూపుకొనే వెసులుబాటును చట్టమే వారికి ఇచ్చింది. పై అధికారుల జీతాలకు, వ్యాపార ప్రకటనల ఖర్చుకు, వాటాదారుల లాభానికి బిల్లులో వరుసలుండవు. వీధి కౌలుకు మాత్రం ఉంటుంది. అది చూసిన గృహస్థు "నగరం నా జేబు కొట్టింది" అనుకొంటాడు. తన వీధికి తనకు రావలసిన కౌలును తానే పన్నుగా భావించి విసుక్కొంటాడు. ఇంతకంటె చవకైన ప్రచారం ఏ కంపెనీకి దొరుకుతుంది?

ఇక డబ్బుకంటె పెద్దది ఛానల్. తీగలో కొన్ని ఛానళ్లను పౌరులకు, విద్యాసంస్థలకు, స్థానిక ప్రభుత్వానికి కేటాయించడం అక్కడి ఆచారం. వీటిలో మొదటిదానిని 'పబ్లిక్ యాక్సెస్' అంటారు. నేను పౌర ఛానల్ అంటాను. ఎవరైనా వచ్చి, కెమెరా పట్టడం నేర్చుకొని, తాము చెప్పదలచినది చెప్పి ప్రసారం చేసుకోవచ్చు. అందులో ఏమి ఉండాలో కంపెనీ నిర్ణయించరాదు. ఇది ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. న్యూయార్కు నగరం 1970లో మన్‌హట్టన్‌లోని రెండు కేబుల్ కంపెనీలతో చేసుకొన్న ఒప్పందాలలో వ్రాయించి తీసుకొన్నది. 1971 జులైలో అక్కడ ప్రసారాలు మొదలైనవి. డాక్యుమెంటరీ చిత్రకారుడు జార్జి స్టోనీ, ఆయనతోపాటు రెడ్ బర్న్స్ అనే విదుషీమణి, అదే 1971లో న్యూయార్కు విశ్వవిద్యాలయంలో ఒక కేంద్రం స్థాపించి, మామూలు మనుషుల చేతికి వీడియో కెమెరాలిచ్చి శిక్షణ మొదలుపెట్టారు. 1972లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ పెద్ద మార్కెట్లలో ఇటువంటి ఛానళ్లు ఉండి తీరాలని నియమం చేసింది. ఆ అధికారం కమిషన్‌కు లేదని 1979లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. చివరికి 1984 చట్టం, ఛానళ్లు కోరే హక్కును ఫ్రాంచైజ్ ఇచ్చే స్థానిక ప్రభుత్వాలకు అప్పగించింది.

ఇక్కడ నా పాత వృత్తి అక్కరకు వస్తున్నది. ఆ చట్టంలోని క్రియ 'వలెను' కాదు, 'వచ్చును'. నగరం కోరవచ్చును. కోరి తీరవలెనని లేదు. పరీక్షలో ఈ భేదం తెలియని విద్యార్థికి అర మార్కు పోతుంది. ఒప్పందంలో తెలియని నగరానికి పది, పదిహేనేళ్లపాటు ఛానల్ పోతుంది. అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెత మనకు ఉండనే ఉన్నది. కంపెనీ అమ్మకూడా కాదు.

చట్టంలో మరొక మెలిక ఉన్నది. 5 శాతం కౌలు కాక, పౌర ఛానళ్లకు కావలసిన స్టూడియో, కెమెరాలు, పరికరాలు వంటి మూలధన వ్యయాన్ని అదనంగా అడగవచ్చు. ఆ సొమ్ము 5 శాతపు పరిమితిలోకి రాదు. కానీ ఆ స్టూడియో నడిపేవారి జీతాలు, శిక్షకుల జీతాలు, కరెంటు బిల్లు ఈ మినహాయింపులోకి రావు. అవి ఆ 5 శాతంలోనుంచే వెళ్లాలి. ఆ 5 శాతమో, నేరుగా నగరపు సాధారణ నిధిలో కలుస్తుంది. దానిలో ఇంత వంతు పౌర ఛానల్‌కు ఇచ్చి తీరాలన్న నిర్బంధం ఆ చట్టంలో లేదు. వీధి గుంతలు, పోలీసులు, ఉద్యోగుల పింఛన్లు అన్నీ ఆ నిధి చుట్టూనే నోళ్లు తెరుచుకొని ఉంటాయి. కెమెరా వస్తుంది, పట్టుకొనే చేతికి కూలి రాదు. మన పెద్దలు గుడి కట్టించినప్పుడు ధూపదీప నైవేద్యాలకు మాన్యం కూడా వ్రాసి ఇచ్చేవారు. మాన్యం లేని గుడి తలుపు ఎన్నాళ్లు తెరిచి ఉంటుందో మనకు తెలుసు.

కాబట్టి కంపెనీని మాత్రమే తిట్టి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. కంపెనీ లాభం చూసుకొంటుంది, అది దాని ధర్మం. పౌరుల ఛానల్ పేరు చెప్పి బేరమాడి, వచ్చిన కౌలును గుంతలలో పోసే నగరసభ ఏ ధర్మం పాటిస్తున్నట్లు?

ఈ బేరం రాత్రికి రాత్రి జరిగేది కాదు. ఒప్పందం గడువు ముగియడానికి 36 నెలల ముందు మొదలై 30వ నెల వరకు ఒక కిటికీ తెరుచుకొంటుంది. ఆ ఆరు నెలల కాలంలో ఎవరో ఒకరు ప్రక్రియ ప్రారంభిస్తే, ఊరికి కేబుల్ విషయంలో ఏమి కావాలో, పాత ఒప్పందాన్ని కంపెనీ ఎట్లా పాటించిందో నగరం బహిరంగంగా విచారించాలి. తరువాత కంపెనీ తన ప్రతిపాదన పెడుతుంది. దానిని తిరస్కరించాలంటే చట్టం చెప్పిన నాలుగే ఆధారాలు: పాత షరతులను చెప్పుకోదగినంతగా పాటించకపోవడం, సేవ నాసిరకంగా ఉండడం, ఆర్థికంగా, న్యాయపరంగా, సాంకేతికంగా స్తోమత లేకపోవడం, ఖర్చును దృష్టిలో ఉంచుకొని చూసినా ప్రతిపాదన ఊరి అవసరాలు తీర్చేట్లు లేకపోవడం. చివరిదానికి ఊరి అవసరాలు కాగితం మీద నమోదై ఉండాలి. ఎవరూ రాని ఊరికి, ఎవరూ చెప్పని ఊరికి, అవసరాలు లేనట్లే లెక్క. దీనికి తోడు నగరమూ కంపెనీ ఈ దారి వదలి ఇష్టాగోష్ఠిగా మాట్లాడుకొని ఒప్పందానికి రావడానికి కూడా చట్టం వీలిచ్చింది. చాలా నగరాలు ఆ దారినే పోతాయి. రికార్డు లేని నగరం ఆ గోష్ఠిలో ఏ బలంతో మాట్లాడుతుంది?

మా అబ్బాయి ఉండే ఊరిలో ఒకసారి ఇటువంటి విచారణకు వెళ్లి వెనుక వరుసలో కూర్చున్నాను. కంపెనీ తరఫున ఇద్దరు న్యాయవాదులు, ఒక అధికారి. నగరం తరఫున ఒక న్యాయవాది. పౌరులు ఏడుగురు. వారిలో ముగ్గురు బిల్లు పెరిగిందని మొరపెట్టుకోవడానికి వచ్చినవారు. ధర ఈ ఒప్పందంలో తేలే విషయం కాదని చెప్పి వారిని కూర్చోబెట్టారు. ఒక వృద్ధురాలు మాత్రం లేచి, బధిరుల కోసం సంజ్ఞాభాషలో తాను నెలకొక కార్యక్రమం చేస్తున్నానని, స్టూడియో పోతే అదీ పోతుందని తనకిచ్చిన మూడు నిమిషాలలో చెప్పింది. వ్రాసుకొన్నారు. ఆ ఊరిలో తెలుగు కుటుంబాలు తక్కువేమీ కావు. ఆ వారాంతంలోనే ఒక పాఠశాల హాలులో మన ఉగాది సంబరాలకు కుర్చీలు చాలక జనం గోడలవెంట నిలబడ్డారు. పిల్లలు పద్యాలు చదివారు, ఎంతో బాగా చదివారు. ఆ పద్యాలను ఊరంతటికీ వినిపించగల ఛానల్ భవిష్యత్తు నాలుగు వీధుల అవతల తేలిపోతున్నదని ఆ హాలులో ఒక్కరికీ తెలియదు.

గదిలోకి రాని పౌరుని సంగతి ఇట్లా ఉంటే, కంపెనీలు ఏకంగా గదినే మార్చివేశాయి. ఊరూరా బేరమాడే శ్రమ ఎందుకని, అనుమతి రాష్ట్రస్థాయిలో ఇచ్చే చట్టాలు చేయించుకొన్నాయి. 2005లో టెక్సాస్, 2006లో కాలిఫోర్నియా ఆ దారి పట్టాయి. మరికొన్ని రాష్ట్రాలు వెనుక నడిచాయి. కాలిఫోర్నియా చట్టం నగరాలకు 5 శాతం కౌలును ఉంచింది, పౌర, విద్యా, ప్రభుత్వ ఛానళ్ల కోసం 1 శాతం వరకు అదనంగా తీసుకోనిచ్చింది. స్టూడియోలు నడిపే బాధ్యతనుంచి మాత్రం కంపెనీని విడిపించింది. ఫలితంగా లాస్ ఏంజెలెస్‌లో, చలనచిత్రాల రాజధాని అనదగిన నగరంలో, పౌరుల కోసం కంపెనీ నడిపిన స్టూడియోలు 2008 ముగిసేసరికి మూతపడ్డాయి.

మూయలేని చోట దాచారు. 2008 జనవరిలో మిషిగన్‌లో కామ్‌కాస్ట్ ఈ ఛానళ్లను మామూలు నంబర్లనుంచి 900ల పైకి, డిజిటల్ పెట్టె ఉంటే తప్ప కనపడని చోటికి, మార్చబోయింది. డియర్‌బోర్న్ నగరం, మెరిడియన్ టౌన్‌షిప్ కోర్టుకు వెళ్లి ఆపించాయి. ఏటీ అండ్ టీ తన యు-వర్స్ సేవలో ఊళ్ల ఛానళ్లన్నిటినీ 99వ నంబరు క్రింద ఒక జాబితాలో మూటగట్టింది. గ్రంథాలయంలో ఒక పుస్తకాన్ని నిషేధిస్తే గొడవ అవుతుంది. దానిని బీరువా వెనుక పడవేస్తే ఎవరూ అడగరు.

తరువాతి దెబ్బ 2019లో తగిలింది. బడులకు, నగర కార్యాలయాలకు ఇచ్చే ఉచిత కనెక్షన్ల వంటి వస్తురూప సహాయాలను కూడా వెలకట్టి ఆ 5 శాతంలోనే కలిపివేయవచ్చునని కమిషన్ ఉత్తర్వు చేసింది. నగరాలు న్యాయస్థానానికి వెళ్లాయి. 2021లో ఆరవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, కలపడం తప్పు కాదంటూనే, బజారు ధర ప్రకారం వెలకట్టరాదు, కంపెనీకి అదనంగా అయిన ఖర్చునే లెక్కించాలన్నది. సగం ఊరట. ఆ తీర్పులోనే ఉన్న రెండవ సగం చాలామంది చూడలేదు. ఆరెగన్ రాష్ట్రంలోని యూజీన్ నగరం, తన వీధులలోని తీగ మీద కామ్‌కాస్ట్ అమ్ముకొనే ఇంటర్నెట్ ఆదాయంపై 7 శాతం రుసుము విధించింది. 2016లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు సరేనన్నది. కమిషన్ 2019 ఉత్తర్వు కూడదన్నది. 2021 తీర్పు కమిషన్ మాటనే నిలబెట్టింది.

ఇందులోని అన్యాయం గమనించండి. తీగ ఒక్కటే, వీధి ఒక్కటే, తవ్విన గొయ్యి ఒక్కటే. ఆ తీగలో టీవీ పోతే కౌలు ఉన్నది, ఇంటర్నెట్ పోతే లేదు. జనం కేబుల్ టీవీ మానుకొని అదే తీగ మీద వచ్చే ఇంటర్నెట్‌లో సినిమాలు చూస్తున్నారు. కంపెనీ ఆదాయం ఒక జేబులోనుంచి మరొక జేబులోకి మారుతున్నది, ఊరి కౌలు మాత్రం తరిగిపోతున్నది. పోనీ, సినిమాలు పంపేవారినుంచి తీసుకొందామని మేపుల్ హైట్స్ అనే ఊరు నెట్‌ఫ్లిక్స్, హులు సంస్థల మీదికి వెళ్తే, వారు కట్టనక్కరలేదని 2022లో ఒహాయో సుప్రీంకోర్టు తేల్చింది. వరి వేస్తే కౌలు కడతాను, చెరకు వేస్తే కట్టనన్న కౌలుదారును మన గ్రామాలలో ఏమంటారో మీకు తెలుసు.

ఇక్కడ మిత్రులు తప్పక వేసే ప్రశ్న ఒకటున్నది. "యూట్యూబ్ వచ్చిన తరువాత ఈ ఛానళ్లు దేనికి, పండితులుగారూ? ఎవరైనా, ఏమైనా, ఉచితంగా పెట్టుకోవచ్చును కదా?" ఉచితంగా ఇచ్చిన ఇంటిలో ఉండేవాడికి పట్టా ఉండదు. ఇది తెలియనిది ఎవరికి? 2009 అక్టోబరులో యాహూవారు జియోసిటీస్‌ను మూసివేసినప్పుడు ఎన్ని సొంత పుటలు గంగలో కలిసిపోయినవో మన తరంవారు మరచిపోరాదు. నేను ఈ టపా వ్రాస్తున్న స్థలం కూడా ఉచితమే, రేపు ఖాళీ చేయమంటే నా దగ్గర చూపడానికి కాగితం లేదు. పౌర ఛానల్‌కు కాగితం ఉన్నది. నగరం, కంపెనీ సంతకాలు చేసిన ఒప్పందం ఉన్నది. తేడా అది ఒక్కటే, కానీ అదే అసలు తేడా. యూట్యూబ్‌లో ఎవరిని ముందు చూపాలో యంత్రం నిర్ణయిస్తుంది, ఆ యంత్రానికి యజమాని ఉన్నాడు. అరవైయేళ్లు దాటిన మనిషికి కెమెరా పట్టడం, దృశ్యం కూర్చడం కూర్చోబెట్టి నేర్పే బాధ్యత యూట్యూబ్‌కు లేదు. మీ ఊరి పాఠశాల మండలి సమావేశాన్ని ఆద్యంతం చూపవలసిన బాధ్యత అంతకన్నా లేదు.

"చూసేదెవరు? పిచ్చివాళ్ల కూతలే కదా అందులో వచ్చేవి?" అనేవారు ఇంకొందరు. ఈ ఆక్షేపణలో నిజముంది, దాచను. 1988లో కాన్సస్ సిటీ నగరసభకు కూ క్లక్స్ క్లాన్‌వారు కార్యక్రమం పెడతామన్నప్పుడు దిక్కుతోచక, మొత్తం పౌర ఛానల్‌నే రద్దు చేసింది. వ్యాజ్యం నడిచింది. 1989లో ఛానల్‌ను పునరుద్ధరించవలసి వచ్చింది. విషం కక్కేవానికి కూడా వేదిక దొరుకుతుందన్నది కష్టమైన సత్యమే. కానీ ఒక దుర్మార్గుడు ఎక్కుతాడని రచ్చబండను పగులగొట్టే ఊరు, మరునాడు తన మొర చెప్పుకోవడానికి ఎక్కడ కూర్చుంటుంది? అతనికి సమాధానం చెప్పే మూడు నిమిషాలు అదే బండమీద పొరుగువానికి కూడా ఉన్నవి. ఇక చూసేవారి సంఖ్య అంటారా, పద్యం చదివేవారి సంఖ్య లెక్కిస్తే మనలో ఎందరి బ్లాగులు నిలుస్తాయి?

అట్లాగని రాజ్యాంగం కాపాడుతుందిలే అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. 2019లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో, మన్‌హట్టన్ పౌర ఛానళ్లను నడిపే లాభాపేక్ష లేని సంస్థ ప్రైవేటు సంస్థేననీ, ప్రభుత్వం కాదు గనుక వాక్స్వాతంత్ర్యపు రాజ్యాంగ నిబంధన దానికి వర్తించదనీ తీర్పు చెప్పింది. అంటే, ముందు వచ్చినవారికి ముందు అవకాశం అన్న నియమాన్ని చట్టంలోనో ఒప్పందంలోనో అక్షరాలా వ్రాయించుకోవాలి.

మన దేశంలో ఈ బేరమే పుట్టలేదు. 1995 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించింది. ఆ ధర్మాసనంలో విపులమైన ప్రత్యేక తీర్పు వ్రాసినవారు తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ఆ ఏడే వచ్చిన కేబుల్ చట్టం క్రింద ఆపరేటరు హెడ్ పోస్టాఫీసులో నమోదు చేసుకొంటే సరిపోయింది. దూరదర్శన్ ఛానళ్లు చూపమన్నారు గాని, ఊరికి ఒక ఛానల్ ఇమ్మని మునిసిపాలిటీ అడిగే అవకాశమే కల్పించలేదు. ఆకాశం ప్రజలది అన్నాము, స్తంభం సంగతి మరచిపోయాము. జహీరాబాదు దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008నుంచి సంఘం రేడియో నడిపి, అక్షరం రానివారికి కూడా చెప్పవలసినది ఎంతో ఉంటుందని చూపించారు. అటువంటి వారికి టీవీ తీగలో ఒక్క సందు ఇవ్వాలన్న ఆలోచన మన శాసనకర్తలకు రాలేదు. మనకు లేని హక్కు మీకు ఉన్నది. ఉన్నదానిని పోగొట్టుకోవద్దని చెప్పడానికే ఈ గోల.

ఏమి అడగాలి? ఛానల్ నంబరు మార్చరాదని, కార్యక్రమ సూచికలో వాణిజ్య ఛానళ్లతో సమానంగా పేరు ఉండాలని, బొమ్మ నాణ్యత వాటికి తగ్గరాదని అడగండి. పరికరాల సొమ్మును శాతంగా కాక ఏటా ఇంత అని నిర్ణీతమైన మొత్తంగా అడగండి. చందాదారులు తగ్గుతున్న కాలంలో శాతం కరిగిపోతుంది. ఇవి కంపెనీని అడగవలసినవి. నగరసభను అడగవలసినది ఒక్కటే: వచ్చే 5 శాతంలో ఇంత వంతు స్టూడియో నడపడానికే అని తీర్మానం చేయమనండి. గుడికి మాన్యం వ్రాయించండి.

వీటన్నిటికంటె ముందు చేయవలసిన పని చిన్నది. మీ నగర కార్యాలయానికి ఒక ఉత్తరం వ్రాసి, మా కేబుల్ ఫ్రాంచైజ్ ఎవరి చేతిలో ఉన్నది, నగరానిదా రాష్ట్రానిదా, ఏ తేదీకి ముగుస్తుంది అని అడగండి. ఆ తేదీనుంచి 36 నెలలు వెనక్కు లెక్కపెట్టి గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. జవాబు వచ్చినవారు ఊరి పేరు, తేదీ ఇక్కడ వ్యాఖ్యలలో తెలిపితే ఒక పట్టిక తయారు చేస్తాను. పట్టికలు వేయడం, హాజరు తీయడం నాకు బాగా అలవాటైన పనులు.